గాలి పెట్టు

గుడ్డపీలిక ఎగురుతోంది. అది ఎగురుతున్నంతసేపూ భయపడాల్సిన పనిలేదని మెర్లిన్ చెప్పింది. ట్యాంకు అడుగునుంచి పొగను లాగి బయటికి తోసే లావుపాటి గొట్టం చివర, వాళ్లమ్మ పాత చీర అంచులోంచి జానెడు ముక్క చించి ముడి వేసింది. నీలం మీద తెల్లచుక్కలు. ఆ చీర కట్టుకుని పుష్ప వాకిట్లో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తుండేది, ఇప్పుడు దాని ముక్కే మా కూతురికి కాపలా. నేను ట్యాంకు వెనక మూతి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా చేతిలో తాడు, తాడు రెండో కొస లోపల మెర్లిన్ నడుముకున్న బెల్టుకు. మూతిలోంచి వెల్డింగు వెలుగు నీలంగా దడదడ కొట్టుకుంటోంది. అటు చూడకూడదు, చూడను. ఎదురుగా రేకుల షెడ్డు గోడమీద ఆ వెలుగు ఆడుతుంటే దాన్ని చూస్తాను, గుడ్డపీలికను చూస్తాను, ఆ తర్వాత, వద్దు వద్దనుకుంటూనే, షెడ్డు స్తంభానికి గొలుసుతో కట్టిన సిలిండరు పక్కన నిలబడ్డ క్రీస్తురాజు చేతిని చూస్తాను. కుడిచెయ్యి. పోయిన వేసవిలో, ఇదే ట్యాంకు బయట, అదే చోట నిలబడి, ఆ చేత్తోనే అతను మా వెల్డరు పెంచల్‌ని చంపాడు. చంపాడు అనకూడదు. పైకి ఎప్పుడూ అనలేదు నేను. మనసుకు మాత్రం తలుపులుండవు, ఏ మాట ఎప్పుడు లోపలికొచ్చి కూర్చుంటుందో తెలియదు, వచ్చిన మాటను పొమ్మనలేక మళ్లీ గుడ్డపీలిక వైపు తిరుగుతాను. ఎగురుతోంది.

చప్పుడు బాగుంది. మూకుట్లో వడియాలు వేగుతున్నట్టు, తెంపు లేకుండా. "ఈ పని చెవితో చెయ్యాల పాపా, కంటితో కాదు" అని పెంచల్ మెర్లిన్‌కు నేర్పాడు. "వడియాలేగినట్టు ఏగతా ఉంటే బాగుండాదని. టపాటపా కొడతా ఉంటే తీగ ఎక్కువొస్తా ఉండాది. బుస్సుమంటే వోల్టేజి ఎక్కువ. ఇంకేం లేదు, నీకు వంట రాకపోయినా ఇది వస్తాది." వంట రాలేదు దానికి, ఇది వచ్చింది. పొద్దున పాత రేకు ముక్క మీద రెండు వేళ్ల పొడవు వెల్డు చేసి, చెవి పక్కకు వంచి విని, మీట ఒక గీత తగ్గించి, మళ్లీ చేసి విన్నది. అంతకు ముందు మిషను తలుపు తీసి తీగ చుట్ట సాఫీగా తిరుగుతోందా అని వేలితో తిప్పింది. తీగను లాగే చక్రాల బిగువు చూసింది, చేత్తో పట్టుకుని వెల్డు చేసే టార్చి మూతికి అతుక్కున్న ఇనప రవ్వలు గీకి పారేసింది, తీగ బయటికొచ్చే రాగి ముక్క అరిగిందని కొత్తది వేసింది. ట్యాంకు అంచున తుప్పు పోయి తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్ది, అక్కడ ఎర్త్ క్లాంపు బిగించింది. తుప్పు మీద బిగిస్తే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది నాన్నా, ఆ దారి మనిషే అయినా దానికి పట్టింపు లేదు, అన్నది. ఉప్పునీళ్లు మోసిన ట్యాంకు కాబట్టి మంచినీళ్లతో కడిగించి ఎండలో ఆరబెట్టించి, లోపల చెక్కపలక వేసి దానిమీద రబ్బరు చాప పరిచింది. ఇంత చేసి చివరికి నా పాత నూలు చొక్కా తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని, తోలు చేతితొడుగులు చంకలో ఇరికించుకుని నా ముందు నిలబడి, బెల్టు బిగించు నాన్నా అన్నది. బడికి పోయే రోజుల్లో వాళ్లమ్మ ముందు రిబ్బను పట్టుకుని ఇట్లాగే నిలబడేది. బెల్టు ముల్లు రెండుసార్లు రంధ్రం తప్పింది. అది పైకప్పు వైపు చూస్తూ నిలబడింది, నా చేతులను చూడకుండా. అంతటి దయ ఎక్కడ నేర్చుకుందో.

ఈ షెడ్డులో ఒక మాట ఎవరూ అనరు. ఇందాకటినుంచి నేను కూడా, లోలోపల అనుకునేటప్పుడు సైతం, దాన్ని తప్పించుకుంటూ వస్తున్నాను, రొయ్యలగుంట గట్టు మీద బురద తప్పించుకుంటూ నడిచినట్టు. గాలి. విడవలూరునుంచి సముద్రానికి పోయే ఈ దారిలో ఆ మాట అనకుండా బతకడం ఎంత కష్టమో ఏడాదిగా చూస్తున్నాను. ఇక్కడ పొద్దు నడిచేదే దాంతో. మధ్యాహ్నం తిరిగాక పైరగాలి వస్తే ప్రాణం లేచొస్తుంది, ఎండల్లో కొండగాలి తోలితే ఒళ్లు పేలుతుంది. క్రీస్తురాజుది ఒడ్డు పక్క పాళెం. వాళ్ల నాయన తెల్లారి ఇసకలోకి వచ్చి, ఎదురుపడిన మనిషిని బాగున్నావా అని అడిగేవాడు కాదట, "ఏ గాలి?" అని అడిగేవాడట. అవతలి మనిషి జవాబు చెప్పాకే పడవ మీద చెయ్యి వేసేవాడట. ఈ కథ క్రీస్తురాజు ఎన్నిసార్లు చెప్పాడో, వాళ్ల నాయన గొంతు పెట్టి, మెడ సాగదీసి, పెంచల్ పడీపడీ నవ్వేవాడు. "మీ నాయన పెళ్లిచూపుల్లో కూడా అదే అడిగుంటాడు రాజన్నా." ఉప్పుగాలి మాకు అన్నం పెట్టింది కూడా. అది తినేసిన ఇనుమును బాగుచేయడమే మా పని, గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల చట్రాలు, తూము తలుపులు, రొయ్యపిల్లల హేచరీలకు సముద్రపు నీళ్లు మోసే ఇలాంటి ట్యాంకర్లు. పలచటి రేకుకు కడ్డీలతో వెల్డింగు చేస్తే చిల్లులు పడుతున్నాయని మిగ్ మిషను కొన్నాం. దాంట్లో కడ్డీ ఉండదు, చుట్టలోంచి తీగ దానంతటదే వస్తుంది, దాంతోపాటు సిలిండరులోంచి కార్బన్ డయాక్సైడు వచ్చి కరిగిన ఇనుముకు గొడుగు పడుతుంది. ఆ గొడుగు లేకుండా మామూలు గాలి తగిలితే ఇనుము పొక్కులొచ్చి అప్పంలా తూట్లు పడుతుంది. అయితే ఆ వాయువును ఏమని పిలవాలి? మా షెడ్డులో గ్యాసు అంటే అప్పటికే ఇనుము కోసే మంటకు వాడే గ్యాసు. ఒకటి అడిగితే ఇంకొకటి తిప్పుతారేమో, నిప్పు దగ్గర ఎందుకొచ్చిన గొడవ అని పెంచలే ఆలోచించి ఆలోచించి చెప్పాడు. "ఇది మండదు గదన్నా. దీన్ని గాలి అందాం. గ్యాసంటే గ్యాసు, గాలంటే గాలి. ఇంక తేడా రాదు." అందరం మెచ్చుకున్నాం. ప్రమాదం రాకూడదని పెట్టిన పేరు అది.

తాడు కొంచెం లాగాను. లోపలినుంచి ఒక చిన్న లాగుడు జవాబు వచ్చింది. గోడమీద వెలుగు ఆగలేదు, పని ఆపకుండానే మోచేత్తో లాగినట్టుంది. గాలం వేసుకుని కూర్చున్నట్టున్నాను. ఛ, ఏం పోలిక అది. ఎదురుగా క్రీస్తురాజు గోనెసంచి తడిపి సిలిండరు మీద కప్పుతున్నాడు, ఎండ తగలకుండా. చంటిపిల్లకు దుప్పటి సర్దినట్టు అంచులు సర్దుతున్నాడు. ఆ రోజు కూడా ఇట్లాగే జాగ్రత్తగా ఉండి ఉంటాడు. అదే నన్ను తినేస్తుంది. తాగి లేడు, ఫోను చూసుకుంటూ లేడు. మిషనులో ఒక చిన్న వాల్వు ఉంటుంది, టార్చి బటను నొక్కినప్పుడే వాయువును వదిలేది. దాన్ని ఉప్పు తినేసింది. కొత్తది తెస్తానని నేను నెల్లూరు పోయాను. రోజంతా వృథా అవుతుందని పెంచల్ ఆ వాల్వును దాటేసి పైపును నేరుగా టార్చికి కలిపాడు. సిలిండరు దగ్గర క్రీస్తురాజును నిలబెట్టాడు. నేను గాలి పెట్టు అంటే తిప్పు, ఆపు అంటే కట్టెయ్, అన్నాడు. ఆ రోజు పైరగాలి తొందరగా లేచింది, మూతుల్లోంచి దూరి గొడుగును చెదరగొట్టింది, వెల్డంతా పొక్కులు. రెండు మూతులకూ పట్టలు కట్టించాడు. వెనక మూతి పట్ట చివర ఫ్యాను పెట్టుకున్నారు, వెల్డింగు చేసేటప్పుడు ఆపి, సేద తీరేటప్పుడు వేసుకోవడానికి. పొద్దుటినుంచీ గాలి పెట్టు, గాలి ఆపు, గాలి పెట్టు, గాలి ఆపు, తిప్పినవాడి మణికట్టుకు ఆ మాట అలవాటైపోయింది. మిట్టమధ్యాహ్నం లోపల ఉడికిపోయి పెంచల్ పని ఆపాడు, టార్చి పక్కన పెట్టి పలక మీద వాలాడు. "రాజన్నా, గాలి పెట్టు." క్రీస్తురాజు తిప్పాడు. ఫ్యాను అతని మోకాలి పక్కనే ఉంది. కాసేపటికి లోపలినుంచి, "ఇంకా పెట్టన్నా." ఇంకా తిప్పాడు.

ఇంకా పెట్టన్నా. ఈ మాట క్రీస్తురాజు పోలీసులకు చెప్పాడు, పాస్టరుగారికి చెప్పాడు, నాకు చెప్పాడు, ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. కార్బన్ డయాక్సైడు గాలికన్నా బరువైనది, రంగు లేదు, అని కాలేజీలో పరీక్షకు రాశాను, మార్కులొచ్చాయి. బిందెలో నీళ్లు నిండినట్టు అడుగునుంచి నిండుతూ వచ్చి ఉంటుంది, పడుకున్న మనిషి చెవుల దాకా, ముక్కు దాకా, ఆయాసం ఎక్కువైనకొద్దీ అతను ఇంకా పెట్టమన్నాడు, పెట్టమన్నకొద్దీ ఇతను పెట్టాడు, ఇద్దరి మధ్యా ఒక పట్ట అడ్డం. పిలిస్తే పలకకపోయేసరికి క్రీస్తురాజు పట్ట కిందినుంచి తల లోపలికి దూర్చి అక్కడే ఒరిగిపోయాడు. దారిన పోతున్న ట్రాక్టరు మనిషి కాళ్లు పట్టుకుని ఇవతలికి లాగాడు. ఒక్కడైనా దక్కాడు. దీన్ని దయ అనుకోవాలా అని చాలా రోజులు ఆలోచించాను, అనుకోవాలనే తేల్చుకున్నాను, తేల్చుకున్నాక కూడా అతని చేతిని చూడకుండా ఉండలేకపోతున్నాను. నేను బస్సు దిగి నడిచొచ్చేసరికి జనం. కొత్త వాల్వు నా చొక్కా జేబులో, అట్టపెట్టెలో. ఇప్పుడు మిషనులో ఉన్నది అదే. మెర్లినే బిగించింది, నేను చూడలేదు.

పెంచల్ భార్య మాలకొండమ్మ కర్మలయ్యాక షెడ్డుకు వచ్చింది. ఏడవలేదు. ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి, మూతి దగ్గర నిలబడి, లోపలికి చూడకుండా అడిగింది. "దానికి గాలని పేరు పెట్టింది ఎవురు సార్?" పెంచలేనమ్మా అని నోటిదాకా వచ్చింది. "అందరం అట్టనే అంటామమ్మా, ఎప్పట్నుంచో" అన్నాను. ఆమె నా మొహం చాలాసేపు చూసింది. తెలిసిందేమో. మొగుడి మాట తీరు పెళ్లానికి తెలియకుండా ఉంటుందా. అతని అన్నం క్యారియరు తీసుకుని పోయింది. మళ్లీ వానలు వెనకపట్టాక వచ్చింది. ఇప్పుడు తానే క్యారియరు కట్టుకుని గుంటల్లో పనికి పోతోంది. "సార్, రాజన్నని పనిలోకి పిలవండి. ఇంట్లో ఫ్యాను కూడా ఏసుకోకుండా గోడకానుకొని కూసోనుండాడంట. వాళ్లావిడ వచ్చి నాకాడ ఏడస్తా ఉండాది. ఆయన చస్తే నాకేమొస్తాది చెప్పండి, ఏడవాల్సినోళ్లు ఇంకొకరు ఎక్కువవతారు." అంతే అన్నది. పిలిచాను. వచ్చాడు. చర్చిలో ఫ్యాను కింద కుర్చీ వదిలేసి స్తంభం పక్కన నేల మీద కూర్చుంటాడు. ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరుగారు దేవుని ఊపిరి గురించి మాట్లాడబోయి, అతన్ని చూసి, గొంతు సవరించుకుని వేరే సంగతిలోకి పోయారు. నేను గమనించాను. అలాంటివి గమనించడానికే నేను మిగిలి ఉన్నానేమో.

చప్పుడు మారిందా? లేదు. వడియాలే. గుడ్డపీలిక ఎగురుతోంది. ఒక ఊరకుక్క ట్యాంకు నీడలో పడుకుని, పొగ గొట్టం మోతకు చెవులు ఆడిస్తోంది. సూళ్లూరుపేటలో కంపెనీ ఉద్యోగం మానేసి మెర్లిన్ వచ్చినప్పుడు నేనేమీ అడగలేదు. పెంచల్ పోయిన ట్యాంకులోకి దిగమంటే విడవలూరులో, కొడవలూరులో, ఒక్క వెల్డరూ ఒప్పుకోలేదు. అది మనిషిని మింగింది అన్నారు. "పెంచలన్న కుట్టు సగంలో ఆగి ఉంది నాన్నా. ఇంకెవరి చేతిలోనో పెట్టను" అన్నది. వెల్డును కుట్టు అనడం వాళ్లమ్మ అలవాటు, ఆమె కుట్టుమిషను మీద పని చేసేది కాబట్టి, షెడ్డంతా అదే పట్టుకుంది. మా ఇంటి మాటలు ఎంత త్వరగా షెడ్డులో పాతుకుపోతాయో. ట్యాంకు యజమాని నరేంద్రబాబు ఇందాక పని మొదలుపెట్టబోతుండగా ఫోను చేశాడు. స్పీకరులో అతని గొంతు షెడ్డంతా వినబడింది. "ఏం సారూ, ఆడపిల్లని దించతా ఉండారంట లోపలికి. విడవలూరులో మొగోళ్లు దొరకలేదా?" మెర్లిన్ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "దొరికినారన్నా. అందరికీ పొట్టలుండాయి, మూతిలో పట్టలా." అవతల నవ్వు. క్రీస్తురాజు కూడా నవ్వాడేమోనని చూశాను. నవ్వలేదు, కానీ పెదవి ఒక పక్కకు కదిలింది.

నిన్న మెర్లిన్‌తో గొడవపడ్డాను. సిలిండరు దగ్గర నేను ఉంటాను, క్రీస్తురాజు తాడు పట్టుకుంటాడు అన్నాను. "వద్దు. బాబాయే అక్కడ" అన్నది. ఎందుకు అన్నాను. "ఇంకెక్కడ నిలబెట్టినా నిన్ను నమ్మను అని చెప్పినట్టే గదా" అన్నది. నమ్ముతున్నావా అని అడిగాను. ఫ్యాను గొట్టాన్ని పలక అంచున ఎట్లా దించాలో చూపించింది. బరువైనది అడుగున చేరుతుంది కాబట్టి లాగేది అడుగునుంచి లాగాలి, మంచిది పైమూతిలోంచి రావాలి, వెల్డుకు మాత్రం దాని విసురు తగలకుండా చెక్క అడ్డం. కాలరుకు ఆక్సిజన్ తగ్గితే కూసే చిన్న మీటరు. ఫ్యానుకు, మిషనుకు ఒకటే కరెంటు, ఒకటి ఆగితే రెండోది నడవకూడదు. వెలుగు ఆగితే బాబాయ్ సిలిండరు కట్టెయ్యాలి. మనిషి బయటికొస్తే ముందు టార్చి రావాలి. సిలిండరును బండ అనాలి, పొగ లాగేదాన్ని ఫ్యాను అనాలి, ఆ మాట ఎవరూ అనకూడదు. పూడిక తీయడానికి బావిలోకి దిగేముందు మా నాయన తాడుకు లాంతరు కట్టి కిందికి దించేవాడు. దీపం ఆరితే ఆ రోజుకు ఎవరూ దిగేవాళ్లు కాదు, బావి ఇంకా అలిగి ఉంది అనేవాళ్లు. ఆ లాంతరు సంగతి చెబితే మెర్లిన్ కాలరు మీది మీటరు చూపించి, ఇదే లాంతరు నాన్నా, కొంచెం నోరు ఎక్కువ, అన్నది. పుష్పకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయి మంచానపడ్డ ఆఖరి రోజుల్లో, కరెంటు పోయినప్పుడల్లా మెర్లినూ నేనూ వంతులేసుకుని విసనకర్ర పట్టుకునేవాళ్లం. ఆమె కళ్లు మూసుకుని, చాలు, చెయ్యి నొప్పి పుడుతుంది అనేది. చాలదని మాకు తెలుసు, మాకు తెలుసునని ఆమెకు తెలుసు. చివరి సాయంత్రం మాత్రం పైరగాలి పొద్దుండగానే వచ్చి కిటికీ తెరను ఎత్తింది, ఆమె మొహం అటు తిప్పింది. అప్పుడు నా చేతిలో విసనకర్ర ఎందుకో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తాడు పట్టుకున్నట్టే. మనుషులకు గాలి పెట్టడమే నా పనా, పెట్టలేకపోవడమా, పీలిక, పీలిక ఏది, ఉంది, ఎగురు

పడిపోయింది.

పీలిక వేలాడుతోంది. చప్పుడు లేదు. వడియాలు లేవు, గొట్టం మోత ఒక్కటే సన్నబడి సన్నబడి ఆగిపోయింది. గోడమీద నీలం పోయి ఉత్త రేకు మిగిలింది. కరెంటు. కరెంటు పోయింది, అంతే, రోజూ పోయేదే. తాడు లాగాను. జవాబు లేదు. ముసుగు తీసుకుంటూ ఉంటుంది, చేతులు ఖాళీగా ఉండవు, మీటరు కూయలేదు కదా, కూస్తే వినబడుతుందా, మీటరులో బ్యాటరీ చూసిందా, చూసే ఉంటుంది, మళ్లీ లాగాను, తాడు బరువుగా ఉంది, బరువుగా ఎందుకుంది. అరవాలి.  అప్పుడు లోపలినుంచి మెర్లిన్ గొంతు, ట్యాంకు దాన్ని గుండ్రంగా తిప్పి తిప్పి, బావి అడుగునుంచి వచ్చినట్టు, ముందూ వెనకా మాటలు మింగేసి ఒక్క మాట బయటికి విసిరింది. "గాలి..."

తాను పెట్టిన నియమం తానే మరిచిపోయింది. మరిచిపోక ఏం చేస్తుంది, తల్లి దగ్గర నేర్చిన మాట, ఊపిరాడనప్పుడు ఇంకే మాట వస్తుంది ఎవరికైనా. నేను క్రీస్తురాజు చేతిని చూశాను. ఆ కుడిచెయ్యి సిలిండరును తిప్పే తాళంచెవి మీద ఉంది. తిరిగింది. నేను కూర్చున్న చోటినుంచి అది ఎటు తిరిగిందో కనబడలేదు. కుడికా, ఎడమకా. ఒక మనిషి చేతిని ఏడాదిపాటు చూసి కూడా అది ఎటు తిరుగుతుందో నాకు తెలియదు. నేను స్టూలు మీదనుంచి లేచాను, లేచానో పడ్డానో, తాడు అరచేతిలోకి కోసుకుంది. ఆలోపే అతను తాళంచెవి ఊడదీసి పిడికిట్లో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, నన్ను దాటి, మూతి ముందు మోకాళ్ల మీద పడ్డాడు. పోయినసారి తల దూర్చిన చోటే. ఈసారి దూర్చలేదు, అంచు పట్టుకుని ఆగాడు.

"ఏ గాలమ్మా?"

ఏడాది తర్వాత ఆ మాట అతని నోటినుంచి వచ్చింది. వాళ్ల నాయన గొంతులాగానే ఉంది, కథ చెప్పేటప్పుడు మెడ సాగదీసి పెట్టే గొంతు కాదు, ఇసకలో నిలబడి నిజంగా అడిగే గొంతు.

"ఏ గాలి? చెప్పు తల్లీ. బండ కట్టేసినా, తాళంచెవి నా చేతిలో ఉండాది. ఏ గాలి కావాల నీకు?"

లోపల దగ్గు. చెక్కపలక మీద బూటు చప్పుడు. "ఏదీ వద్దు బాబాయ్. గాలి ఆగింది, బయటికొస్తా ఉండానని చెప్పినా. నాన్న తాడు వదిలితే వస్తా, పలకకేసి గుంజేస్తా ఉండాడు."

ముందు టార్చి వచ్చింది, నియమం ప్రకారం. క్రీస్తురాజు దాన్ని అందుకుని దూరంగా పెట్టాడు. తర్వాత తోలు చేతితొడుగులు, మసి పట్టిన మొహం, నా పాత చొక్కా. కాలరు మీద మీటరు పచ్చగా వెలుగుతోంది. దానికి ఏమీ కాలేదు. దానికి ఏమీ కాలేదు అని ఎన్నిసార్లు అనుకున్నానో. నా అరచేయి చూసి, "ఇంత లాగితే నేనేమన్నా గేదెనా నాన్నా" అని, మసి చేత్తోనే దాన్ని తుడిచి ఇంకా మసి చేసింది. క్రీస్తురాజు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తాళంచెవి పట్టుకున్న పిడికిలి విప్పలేకపోతున్నాడు, ఒక్కొక్క వేలే రెండో చేత్తో విప్పుకుంటున్నాడు. మెర్లిన్ చెంబుతో నీళ్లిచ్చింది. తాగలేదు. చెంబులోకి చూస్తూ అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు. "మా నాయన రోజూ అడిగినాడు. బతికినన్నాళ్లూ. నేను ఆ రోజు అడగలా."

  పెంచల్ లేడు, ఈ ప్రశ్న ఏడాది ఆలస్యంగా వచ్చింది, ఎవరు ఎన్నిసార్లు అడిగినా మాలకొండమ్మ క్యారియరులో అన్నం ఒక మనిషికే. కుక్క లేచి ఒళ్లు విరుచుకుని చెంబు దగ్గరికి వచ్చింది. అతను నీళ్లు దానికి పోశాడు.

కరెంటు వచ్చింది. గొట్టం గురకపెట్టి లేచింది, పీలిక ఒకసారి వణికి పైకెగిరింది. మెర్లిన్ కాసేపు దాన్ని ఎగరనిచ్చింది, లోపలిదంతా బయటికి పోయేదాకా. మీటరును దారానికి కట్టి ట్యాంకు అడుగుకు దించి, పైకి తీసి చూసుకుంది. "పెంచలన్న ఆపిన చోటినుంచి బెత్తెడు మిగిలింది, అంతే" అని ముసుగు వేసుకుని మూతిలోకి దూరింది. నేను స్టూలు సర్దుకుని కూర్చుని తాడు తీసుకున్నాను, ఈసారి కొంచెం వదులుగా. క్రీస్తురాజు లేచి, లుంగీ దులుపుకుని, సిలిండరు దగ్గరికి పోయి తాళంచెవి బిగించాడు. బిగించి ఆగాడు. మూతివైపు తిరిగి, ఒడ్డునుంచి పడవలోవాళ్లకు కేకేసినట్టు కేకేశాడు.

"మెర్లినమ్మా, బయట గాలి వస్తా ఉండాది. పీలిక ఎగరతా ఉండాది. ఇప్పుడు బండ గాలి పెడతా ఉండా. పెట్టమంటావా?"

"పెట్టు బాబాయ్."

వడియాలు వేగుతున్న చప్పుడు మొదలైంది. గోడమీద నీలపు వెలుగును చూశాను. వాళ్లమ్మ చీర ముక్కను చూశాను. తాడు నా అరచేతిలో ఒకసారి కదిలింది. అతని చేతిని చూడలేదు.